మూఢంలో పలికిన గొంతు

వైశాఖ బహుళ నవమి

ఆఫీసు దినచర్యలో ఇవాళ కూడా "విశేషములు లేవు" అని ఉంది. రాసింది నేను కాదు. శుక్ర మూఢం మొదలైన రోజు నుంచి ఆ మాట తనంతట తనే పడేట్టు మా యజమాని పట్టాభిగారు ఏర్పాటు చేయించారు. మూఢంలో ఎవరూ ఇల్లు కొనరు, గృహప్రవేశం చెయ్యరు, కాబట్టి మా దగ్గర ఏమీ జరగదు. ఇంత చక్కటి తర్కానికి ఎదురు చెప్పే ఓపిక లేక, నా చిట్టా నేను విడిగా పెట్టుకుంటున్నాను.

నా పేరు ఇందుమతి. ఎగువలంకలో నవగోపురం ఎస్టేట్స్ వారి గడపల భద్రత నా పని. లంకలన్నీ సముద్రంలో కలిసిపోయాక మనవాళ్ళు ఈ మెట్ట మీదికి ఎక్కి కట్టుకున్న ఊరిది. ఊరంటే గోపురాలని పిలిచే తొమ్మిది ఎత్తు మేడలు, వాటి మధ్య ఎండ. నా కాపలా తూర్పు గోపురానికి. ఇక్కడ ఇంటికి తాళం లేదు, దస్తావేజు లేదు. రెండూ గడపే. అడుగు బరువెంత, మడమ ముందు పడుతుందా మునివేళ్ళా, ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్య ఎంత ఎడం, అన్నీ అది గుర్తు పెట్టుకుంటుంది. గడప ఎవరిని ఒప్పుకుంటే ఇల్లు వాళ్ళది. ఇల్లు చేతులు మారేటప్పుడు అమ్మినవాళ్ళు బయటికి అడుగేస్తారు, కొన్నవాళ్ళు కుడికాలు లోపల పెడతారు, నేను ఆఫీసులో కూర్చుని అది చూసి "అవును, చూశాను. ఈ ఇల్లు వీరిదే" అంటాను. నా గొంతు విన్నాకే గడప కొత్త అడుగును రాసుకుంటుంది. నేను తింటున్న అన్నమంతా ఆ ఒక్క మాట మీదే.

మూఢం మొదట్లో సెలవు పెట్టి మా చెల్లెలి దగ్గరికి వెళ్ళి నిన్ననే వచ్చాను. పొద్దున్నే గడపలు తుడిచే పని పెట్టుకున్నాను. మధ్యాహ్నం సైరన్ కూసేలోపు అందరూ ఇళ్ళల్లో ఉండాలి. కూశాక బయట ఉన్నవాళ్ళ సంగతి వడదెబ్బ వార్డువాళ్ళు చూసుకుంటారు. ఆరో అంతస్తులో సత్యవేణి ఎప్పట్లాగే గడపకి పసుపు దట్టంగా మెత్తుతూ కనబడింది.

"సత్యవేణీ, పసుపు ఆ అడుగు చదివే బెజ్జాల్లోకి పోతుందని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?"

"పసుపు లేని గడప మా ఇంట్లో ఉండదండి. బెజ్జాలు మీరు తుడుచుకోండి, మీకు జీతం ఇస్తన్నారు కదా," అని నవ్వింది. తర్వాత కొంచెం తగ్గి, "అయినా ఈ వారంగా దీనికేదో అయ్యిందండి. కాలు పెట్టాక కాసేపు ఆలోచించి తెరుస్తోంది తలుపు. ముసలిదైపోయిందేమో చూడండి" అంది.

బెజ్జాలు తుడిచాను. ఆలోచించడం మానలేదు.

వైశాఖ బహుళ దశమి

సత్యవేణి గడపలో రెండు కుటుంబాల అడుగులు ఉన్నాయి. అందుకే ఆలోచిస్తోంది, ఎవరిని పోల్చుకోవాలా అని.

ఒకటి సత్యవేణి, ఆమె భర్త గంగరాజు నడకలు. రెండోది కొత్తది. మూఢం మొదటి రోజు, వైశాఖ బహుళ పాడ్యమినాడు రాసుకుంది. ఆ రోజు సత్యవేణి ఈ ఇల్లు ఎవరో ముక్కూ మొహం తెలియని సంస్థకి అమ్మేసినట్టు, బయటికి అడుగేసినట్టు, ఆ సంస్థ తరఫున ఒకాయన కుడికాలు పెట్టినట్టు ఉంది. నిజానికి ఆ వేళ సత్యవేణి లోపల ఆవకాయ కలుపుతోందట. గడప మీద ఎవరూ కాలు పెట్టలేదు. అడుగులన్నీ తీగల మీదుగా వచ్చాయి.

సాక్ష్యం దగ్గర ఏముందో విన్నాను. "అవును, చూశాను. ఈ ఇల్లు వీరిదే."

నా గొంతే. నేను చెల్లెలి ఇంట్లో మామిడిపళ్ళు తింటున్న రోజున, ఇక్కడ నేను సాక్ష్యం చెప్పాను. మళ్ళీ మళ్ళీ విన్నాను. నా గొంతంటే నాకే అసహ్యం వేసింది.

ఎవరు చదివినా అర్థం కావాలని ఇది కూడా రాసిపెడుతున్నాను. అమ్మకంలో తగవు వస్తే తేల్చుకోవడానికి చట్టం ఒక మండలం, అంటే నలభై రోజులు, గడువిచ్చింది. ఆ మండలంలో గడప పాతవాళ్ళనీ కొత్తవాళ్ళనీ ఇద్దరినీ రానిస్తుంది. పాతవాళ్ళు ఆ లోపల కుడికాలు పెట్టి "ఇది నా ఇల్లు" అంటే, సాక్షి దగ్గరుండి అవునంటే, అమ్మకం రద్దవుతుంది. దీన్ని తిరుగు అడుగు అంటాం. మండలం దాటాక గడప పాత అడుగును మరిచిపోతుంది. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చి చెప్పినా వినదు.

జ్యేష్ఠ బహుళ దశమి సూర్యాస్తమయంతో సత్యవేణి గడువు అయిపోతుంది.

వైశాఖ బహుళ ద్వాదశి

తూర్పు గోపురమంతా గాలించాను. సగం గడపల్లో అదే కొత్త అడుగు ఉంది. ఎడమవైపుకి కొద్దిగా ఒరిగి నడిచే మనిషి. ఒక్కడే అన్ని ఇళ్ళలోనూ కుడికాలు పెట్టినట్టు ఉంది. అందరి గడువూ ఒకే రోజున తీరుతుంది. పట్టాభిగారి దగ్గరికి వెళ్ళాను.

"కూచో ఇందూ. ముందు మజ్జిగ తాగు, ఎండన పడి వచ్చావు," అన్నారాయన. మంచి మనిషే. లంక మునిగిన ఏడాది వందలమందికి అన్నం పెట్టిన చెయ్యి అది. అందుకే ఆయన మీద గట్టిగా కోపం తెచ్చుకోవడం కూడా ఒక పనే నాకు.

అంతా చెప్పాను. ఆయన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి అడిగారు.

"వాళ్ళ నడకలు వాడికెలా దొరికాయమ్మా?"

"మనమే ఇచ్చామండి. గృహప్రవేశం వీడియోలు తీసి మన ప్రకటనల గోడ మీద పెట్టాం కదా. పారాణి పెట్టిన పాదం, పసుపు గడప, కుడికాలు మెల్లగా లోపలికి. అంత దగ్గరగా, అంత నెమ్మదిగా చూపిస్తే నడకంతా అందులోనే ఉంటుంది. తియ్యొద్దని నేను నిరుడే చెప్పాను."

"పాదాలు చూపిస్తేనే అమ్మకాలు బాగుంటాయి కదమ్మా. లక్ష్మి వస్తున్నట్టు ఉంటుంది."

"మరి నా గొంతు?"

"అది నేనే రికార్డు పెట్టించాను. మూఢంలో మన ఆఫీసు పిల్లలు గడపలు పరీక్ష చేసుకుంటారు, ప్రతిసారీ నిన్ను పిలవడం ఎందుకని. నీకు సెలవు దొరకాలనే కదమ్మా. మూఢంలో ఇల్లు ఎవడు కొంటాడు, కాపలా ఎందుకు అనుకున్నాను."

"దొంగలూ అదే అనుకున్నారండి. ఇప్పుడు అందరినీ పిలిచి చెబుదాం. వారంలో తిరుగు అడుగులన్నీ వేయించేస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఒక్క మాట విను. మన గడపలు దొంగల పాలయ్యాయని బయటికి పొక్కితే తొమ్మిది గోపురాల్లోనూ ఒక్క ఇల్లు ఎవడూ అడగడు. లంక పోయినందుకు వచ్చిన పరిహారమంతా వీళ్ళు ఈ గోడల్లోనే పోశారు. దొంగ కొందరి ఇళ్ళు పట్టుకుపోతాడు. ఈ కబురు అందరి ఇళ్ళూ పట్టుకుపోతుంది. మూఢం పోనీ, మంచి ముహూర్తం చూసి చక్కబెడదాం."

"మూఢం పోయేసరికి ఆషాఢమండి."

"శ్రావణం రాదా ఏంటి?" అన్నారు, నిజంగానే నాకు ధైర్యం చెబుతున్నట్టు.

ఇళ్ళ అదాలతుకి రాసి పంపాను. మా సంస్థ ఫిర్యాదు చేస్తేగానీ విచారణ లేదనీ, చేసినా ఆషాఢం తర్వాతేననీ జవాబు వచ్చింది. వాళ్ళకీ పంచాంగం ఉంది.

వైశాఖ అమావాస్య

ఏయే ఇళ్ళు పోయాయో, ఏయే ఇళ్ళ వీడియోలు గోడ మీద ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్కటి తేడా లేదు. సత్యవేణి ఇంటి ఎదురిల్లు ఎస్తేరుది. వడదెబ్బ వార్డులో నర్సు. ఆవిడ గడపలో ఆవిడ అడుగు తప్ప ఇంకేం లేదు.

"మీ గృహప్రవేశం వీడియో తియ్యలేదా ఎస్తేరుగారూ?"

"మాకేం గృహప్రవేశమండీ. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశారు, నలుగురం టీ తాగాం, నేను డ్యూటీకి పోయాను. కెమెరా అతను వచ్చి పాదాలకి పారాణి పెట్టుకోమంటే, నా కాళ్ళు పగిలిపోయి ఉంటాయి బాబూ, నన్నొదిలేయమన్నాను."

పగిలిన మడమలు ఆవిడ ఇంటిని కాపాడాయి. నేను నవ్వాను, తర్వాత నవ్వినందుకు బాధపడ్డాను.

జ్యేష్ఠ శుద్ధ చవితి

ఇక ఉండబట్టలేక సత్యవేణికి చెప్పేశాను. ఆ రోజు గంగరాజు కూడా ఇంట్లోనే ఉన్నాడు. మంచినీళ్ళ ట్యాంకరు నడుపుతాడు, నెలలో సగం దినాలు కింద రిజర్వాయరు దగ్గరే ఉంటాడు. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. విన్నాక సత్యవేణి లేచి బయటికి వెళ్ళింది, గడప మీద కాలు పెట్టింది. తలుపు ఆలోచించి తెరుచుకుంది.

"ఇదిగోనండి, తెరుచుకుంటంది కదా! పోతే ఎలా తెరుచుకుంటాదండీ?"

"గడువు తీరేదాకా తెరుచుకుంటుంది. ఆ తర్వాత తెరవదు. ఒక్క అడుగు, ఒక్క మాట, నేను పక్కనే ఉంటాను. ఇప్పుడే వేసెయ్యి."

"తిరుగు అడుగంటే మళ్ళీ కుడికాలు పెట్టడమే కదండీ?" అన్నాడు గంగరాజు. "అంటే గృహప్రవేశమే."

"నీ ఇంట్లోకి నువ్వు రావడమయ్యా అది!"

"రోజూ వస్తన్నాం, అది వేరండి. కుడికాలు పెట్టి, ఇది నా ఇల్లని నోటితో చెప్పి, సాక్ష్యం పలికించుకుని ఎక్కడం వేరు. మూఢంలో చెయ్యం."

కోపంతో ఏదో అనబోయాను. సత్యవేణి మెల్లగా నా చెయ్యి పట్టుకుంది.

"మీకు తెలీదండి. లంకలో మా మొదటిల్లు మూఢంలోనే ఎక్కాం. వద్దని అందరూ చెప్పారు. అద్దె కట్టలేక, ఏమవుతుందిలే అని నేనే పట్టుబట్టాను. ఆ ఏడే సముద్రం వచ్చేసింది. కొబ్బరితోట, ఇల్లు, మా అత్తగారి సమాధి, అన్నీ. ఆ తోటకిచ్చిన పరిహారమే ఈ ఇల్లు. ఇంకోసారి మూఢంలో కుడికాలు పెట్టమంటే నా కాలు లేవదండి."

సముద్రం మొత్తం లంకలన్నిటినీ ముంచింది, మంచి ముహూర్తంలో ఎక్కినవాళ్ళనీ ముంచింది అని చెప్పవచ్చు. చెప్పాను కూడా. తలూపింది. నమ్మింది కూడా. కాలు మాత్రం లేవలేదు.

జ్యేష్ఠ పౌర్ణమి

మా సంస్థ నుంచి అందరికీ కబురు వచ్చింది. "గడపలలో చిన్న మందకొడితనం గమనించబడినది. ఆందోళన అనవసరం. మూఢానంతరం శుభముహూర్తమున సరిచేయబడును." కింద ఆస్థాన పంచాంగకర్త అవధానిగారి పేరు.

అవధానిగారింటికి వెళ్ళాను. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, సంస్థ ముహూర్తాలన్నీ ఆయనే పెడతారు. నన్ను చూడగానే ఎందుకు వచ్చానో ఆయనకి తెలిసిపోయింది.

"సొంత ఇంట్లోకి తిరిగి వెళ్ళడానికి మూఢం ఉందాండీ?"

"లేదమ్మా," అన్నారు వెంటనే. "కొత్త ఇంటికే ఈ పట్టింపులన్నీ. ప్రయాణం చేసి తిరిగొచ్చినవాడు తన ఇంట్లోకి వెళ్ళడానికి శుక్రుణ్ణి అడగక్కర్లేదు. ఏ శాస్త్రమూ అడగమనలేదు."

"మరి ఆ మాట వాళ్ళకి చెప్పరేం?"

ఆయన ఉత్తరీయం కొస పట్టుకుని నలుపుతూ కూర్చున్నారు. "ఆ కబురు కింద నా పేరు నేను వేయలేదమ్మా. నాకు చూపించనూ లేదు. కానీ కాదని ఎలా అంటాను? నేనుంటున్న ఈ గది సంస్థదే. దీని గడప నన్ను వాళ్ళు చెప్పినన్నాళ్ళే రానిస్తుంది."

ఆయన్ని తిట్టాలనిపించింది. నా గది కూడా సంస్థదేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

జ్యేష్ఠ బహుళ షష్ఠి

సందేశాలు పంపితే సంస్థ మధ్యలోనే చెరిపేస్తోంది. అందుకని అంతస్తు అంతస్తుకీ ఎక్కి, వరండాల్లో నిలబడి అరుస్తున్నాను. నాలుగు రోజులుగా అదే పని. లిఫ్టు నన్ను ఎక్కించుకోవడం మానేసింది. బయట వడగాలి, లోపల ధూళి. జనం తలుపులు తీసి చూస్తారు, "పాపం, ఎండదెబ్బ తగిలినట్టుంది" అని మంచినీళ్ళిస్తారు. నలుగురు మాత్రం తిరుగు అడుగు వేశారు. అందులో ఇద్దరు నన్ను వదిలించుకోవడానికే వేశారు. ఎలా వేస్తేనేం, ఆ నాలుగిళ్ళూ దక్కాయి.

సాయంత్రం పట్టాభిగారి నుంచి సెలవు ఉత్తర్వు వచ్చింది. జీతం ఆపారు, గది ఖాళీ చెయ్యమన్నారు. సాక్షి పదవి మాత్రం తియ్యలేదు. కొత్త సాక్షిని మూఢంలో పెట్టరు కదా. వాళ్ళ పట్టింపు ఈ ఒక్కసారికి నాకు పనికొచ్చింది.

ఎస్తేరు నా మూటాముల్లె చూసి ఏమీ అడగకుండా తన గదిలో మంచం వాల్చింది. తన గడప చేత నా అడుగు అతిథిగా రాయించింది. రాత్రి ఉప్పునీళ్ళు కాచి ఇచ్చి, "గొంతు బొంగురుపోయింది. ఇక అరవకండి. దాన్ని దాచుకోండి, మీకు దానితోనే పని" అంది.

నేను దాచుకోలేదు. ఇంకా చాలా అంతస్తులు మిగిలి ఉన్నాయి.

జ్యేష్ఠ బహుళ దశమి

చివరి రోజు. ఏం జరిగిందో వరసగా రాస్తాను, లేకపోతే రాయలేను.

మధ్యాహ్నం ఎండ తగ్గి రెండో సైరన్ కూశాక మెట్ల మీద ఎవరో ఆయాసపడుతున్న చప్పుడైంది. అవధానిగారు. ఆరంతస్తులూ నడిచి ఎక్కారు. ఎస్తేరు పరుగున వెళ్ళి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఆయన తాగలేదు, తిన్నగా సత్యవేణి గుమ్మం ముందుకి వెళ్ళారు.

"అమ్మాయ్, నేను అవధానిని. మీకొచ్చిన కబురు కింద పేరున్నది నాదే. నేను చెబుతున్నాను విను. నీ ఇంట్లోకి నువ్వు వెళ్ళడానికి మూఢం లేదు. దోషం ఉంటే ఆ దోషం నాకు తగలనీ. నేను బతకాల్సింది బతికేశాను."

సత్యవేణి భర్త వంక చూసింది. గంగరాజు, "పంతులుగారే అన్నాక ఇంకేముంది. పెట్టవే" అన్నాడు.

ఆమె బయటికి వచ్చింది. కొంగు నడుముకి దోపుకుని, పసుపు గడపకి దణ్ణం పెట్టుకుని, కుడికాలు లోపల పెట్టింది. "ఇది నా ఇల్లు," అంది. పెద్దగా, వరండా అంతా వినబడేలా అంది. గడప దీపం ఆకుపచ్చగా వెలిగింది. ఇక నా వంతు.

"అవును, చూశాను. ఈ ఇల్లు వీరిదే," అన్నాను.

దీపం ఎర్రబడింది. సాక్షి గొంతు సరిపోలేదు.

మళ్ళీ అన్నాను. నా నోట్లోంచి వచ్చింది గొంతు కాదు, గరగర. ఎస్తేరు తేనె తెచ్చింది, వేడినీళ్ళు తెచ్చింది. నెమ్మదిగా అన్నాను, గట్టిగా అన్నాను, దగ్గి మళ్ళీ అన్నాను. ఎన్నిసార్లు అన్నా గడప నన్ను పోల్చుకోలేదు. దానికి తెలిసిన గొంతు ఆఫీసులో ఉంది, శుభ్రంగా, ఏ ధూళీ సోకకుండా.

ఎస్తేరు చేత పట్టాభిగారికి ఫోను కలిపించాను.

"అయ్యా, ఆ రికార్డు ఒక్కసారి పలికించండి. ఒక్క ఇంటికి. కాళ్ళు పట్టుకుంటాను. ఇంక సూర్యుడు దిగిపోతున్నాడు."

ఆయన గొంతు కూడా నీరసంగానే ఉంది.

"పలికిస్తే అది చిట్టాలోకి ఎక్కుతుంది ఇందూ. ఎందుకు పలికిందని అడుగుతారు. ఒకటి ఒప్పుకుంటే అన్నీ ఒప్పుకోవాలి. మూఢంలో సంస్థ గొంతు పలకదమ్మా. శ్రావణంలో చూద్దాం."

మూఢం మొదటి రోజునే అది దొంగ కోసం సగం గోపురానికి పలికింది. ఆ మాట అందామని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

సత్యవేణి కుడికాలు గడప మీదే పెట్టి నిలబడి ఉంది. తీస్తే పోతుందన్నట్టు. కిటికీలోంచి ఎండ జారి జారి గోడ దిగి, నేల దిగి, పోయింది. దీపం ఆరిపోయింది.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

రాత్రంతా వాళ్ళు లోపలే ఉన్నారు. పొద్దున నీళ్ళ వంతుకి బిందె పట్టుకుని బయటికి వచ్చారు. రాక తప్పదు, నీళ్ళు కింద. తిరిగి వచ్చేసరికి గడప ఆలోచించలేదు. ఈసారి దానికి ఏ సందేహమూ లేదు.

గంగరాజు తలుపు బాదాడు. భుజంతో గుద్దాడు. సత్యవేణి మాత్రం బిందె దించి, గడప మీద కూర్చుని, చెంగుతో బెజ్జాల్లోని పసుపు తుడవడం మొదలుపెట్టింది. తుడిచి కాలు పెట్టింది. మళ్ళీ తుడిచింది.

"ఇందుమతిగారూ, మీరు చెప్పారు కదండీ పసుపు అడ్డమని. తీసేస్తన్నానండి. అంతా తీసేస్తాను. ఇంకెప్పుడూ రాయను," అంది గడపతోనో నాతోనో.

నేను ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. బెజ్జాల్లో పసుపుకీ దీనికీ సంబంధం లేదని చెప్పడానికి కూడా గొంతు లేదు నాకు.

ఆ వరండాలో, పై వరండాలో, కింద వరండాలో అదే చప్పుడు. తలుపులు బాదుతున్నారు. సైరన్ కూసింది. ఎస్తేరు తన తలుపు బార్లా తెరిచి, గడప అందరినీ ఒప్పుకునేలా తిప్పి, "రండి, రండి, పిల్లల్ని ముందు పంపండి" అని పిలవసాగింది. పట్టినంతమంది పట్టారు. పట్టనివాళ్ళు మెట్ల నీడన కూర్చున్నారు. మెట్ల మీదివాళ్ళలో అవధానిగారు కూడా ఉన్నారు. ఆయన గది గడప ఆయన్ని తెల్లవారుజామునే మరిచిపోయిందట. సైరన్ మళ్ళీ కూసేలోపు ఆయన పోయారు. ఎస్తేరు ఎంత తడిగుడ్డ వేసినా ప్రాణం నిలవలేదు.

ఆఫీసు దినచర్య చూశాను. విశేషములు లేవు.

శ్రావణ శుద్ధ త్రయోదశి

మూఢం పోయింది, ఆషాఢమూ పోయింది. ఊరంతా మామిడాకులు. ఇళ్ళు కొట్టేసిన ఆ సంస్థ ఎవరిదో ఎవరికీ తెలియలేదు. అది ఇళ్ళన్నీ వేరే దళారుల చేత అమ్మించేసింది. కొన్నవాళ్ళ తప్పేమీ లేదని, గడువు దాటిన హక్కు హక్కేనని అదాలతు తేల్చింది. పట్టాభిగారు రోడ్డునపడ్డవాళ్ళకి గుడారాలు వేయించి రెండు పూటలా అన్నం పెట్టిస్తున్నారు. మళ్ళీ అదే చెయ్యి. అందరూ ఆయనకి దణ్ణం పెడుతున్నారు.

సత్యవేణీ నేనూ ఎస్తేరు ఇంట్లోనే ఉన్నాం. గంగరాజు రిజర్వాయరు నుంచి రావడం మానేశాడు. డబ్బు పంపుతాడు. ఎదురుగా ఉన్న ఆ తలుపు చూడలేనని చెప్పి పంపాడు. నా గొంతు బాగుపడింది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. నా రికార్డుతోనే పని జరుగుతుంటే నాతో పనేముంది?

ఇవాళ ఎదురింట్లో గృహప్రవేశం. పెద్దాపురం వైపు నుంచి వచ్చిన చిన్న జంట. ఆ పిల్లకి ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయేమో. మొహమంతా నవ్వే. కెమెరా అతను గడప దగ్గర బోర్లా పడుకుని ఉన్నాడు. సత్యవేణి ఉన్నట్టుండి లేచి బయటికి వెళ్ళింది. గొడవ పడుతుందేమోనని వెనకే వెళ్ళాను.

"అమ్మాయ్," అంది ఆ పిల్లతో, "కుచ్చిళ్ళు కిందికి దించుకోమ్మా. పాదం కనబడనియ్యకు. వీడియో తియ్యనియ్యకు."

ఆ పిల్ల తికమకగా చూసింది. "మీ వైపు ఆచారమా అండీ?"

"ఆచారమే అనుకో. నా మాట విను తల్లీ."

"పిన్నిగారూ, ఫ్రేములోకి వస్తున్నారు, కాస్త పక్కకండి," అన్నాడు కెమెరా అతను. "మేడమ్, చీర కొంచెం పైకి. పారాణి కనబడాలి. అదీ. మెల్లగా, ఇంకా మెల్లగా."

ఆ పిల్ల సత్యవేణి వైపు క్షమించమన్నట్టు నవ్వి, రెండు చేతులతో చీర కొద్దిగా పైకెత్తింది. కుడికాలు లోపల పెట్టింది. గోడలోంచి నా గొంతు, ఏ బొంగురూ లేకుండా పలికింది.

"అవును, చూశాను. ఈ ఇల్లు వీరిదే."

"అది నేను కాదమ్మా," అన్నాను. నాకు తెలియకుండానే గట్టిగా అన్నాను. "నేను చూడలేదు. ఈ ఇల్లు సత్యవేణిది. ఆ పలికింది నేను కాదు."

అందరూ నా వైపు తిరిగారు. ఆ పిల్ల మొహం ఇంకా విప్పారింది. నేనన్న మాటలు ఆమె వినలేదు, గొంతు మాత్రమే విన్నది. గబగబా వచ్చి వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది.

"అయ్యో, ఆ సాక్షి మీరేనా అండీ! గొంతు వినగానే పోల్చుకున్నాను. మీ నోటి చలవే అండీ, ఇల్లు మాదైంది."